కళ్ళజోడుకి తొందరపడ్డాం!

మీ ఇంట్లో అత్తగారికో, అమ్మగారికో శుక్లం ఆపరేషన్ అయిందా? అయివుంటే తర్వాత కళ్ళజోడు ఎన్నాళ్ళకి చేయించారు? ఈ ప్రశ్న ఎందుకు అడుగుతున్నానో ఈ వారం ముచ్చట పూర్తిగా చదివితే మీకే తెలుస్తుంది. పొయ్యిమీద పప్పు ఉంటే కాస్త మంట తగ్గించి వచ్చి కూర్చోండి. నేను చేసిన పొరపాటు చెప్పబోతున్నాను మరి!

మేముండేది కొండాపూర్లో. 1998లో సైబర్ టవర్స్ తెరిచేనాటికి ఇటంతా రాళ్ళగుట్టలేనట. ఇప్పుడు మా బాల్కనీలో నిలబడితే ఎటు చూసినా అద్దాల మేడలే. మా అపార్టుమెంటులో సగం ఇళ్ళల్లో పిల్లలు కంప్యూటరు ఉద్యోగాలు చేసేవాళ్ళు, వాళ్ళ అమ్మానాన్నలు ఊళ్ళల్లో ఉండేవాళ్ళు. ఆ పెద్దవాళ్ళు ఇక్కడికి వచ్చేది మూడు పనులకి. మనవలు పుట్టినప్పుడు, పండగలకి, ఆపరేషన్లకి. ఆపరేషన్‌కి వచ్చేవాళ్ళు తిరుగు టిక్కెట్టు కూడా ముందే చేయించుకునే వస్తారు, గమనించారా? మా అత్తయ్యగారూ అంతే.

ఆవిడకి 71 ఏళ్ళు. తెనాలి దగ్గర పల్లెటూరు. కుడికంట్లో శుక్లం వచ్చిందని నాలుగేళ్ళ క్రితమే అక్కడి డాక్టరు చెప్పాడు. "ఈ వయసులో నాకెందుకే అమ్మాయ్, కాటికి కాళ్ళు చాపుకున్నదాన్ని" అంటూ దాటవేస్తూ వచ్చారు. చివరికి దేవుడి దగ్గర ఒత్తి వెలిగించబోయి అగ్గిపుల్ల పక్కకి పెట్టి వేలు కాల్చుకున్నాక, మావారు వెళ్ళి వెంటబెట్టుకొచ్చారు. అప్పటికి శుక్లం బాగా ముదిరిపోయింది.

కంటి వైద్యానికి మన హైదరాబాదుకి మంచి పేరే ఉంది. సినిమా దర్శకులు ఎల్.వి. ప్రసాద్ గారి కుటుంబం ఇచ్చిన విరాళంతో 1987లో డాక్టర్ గుళ్ళపల్లి నాగేశ్వరరావు గారు స్థాపించిన బంజారాహిల్స్ ఆసుపత్రి గురించి తెలియనివాళ్ళు తక్కువ. మెహదీపట్నంలో సరోజినీదేవి ప్రభుత్వాసుపత్రి సరేసరి. మేం మాత్రం ఇంటికి దగ్గరని మా పక్క కాలనీలోని ఒక చిన్న ఆసుపత్రికి వెళ్ళాం. ఆపరేషన్ చక్కగానే జరిగింది. మర్నాడు పట్టీ విప్పగానే అత్తయ్య నా మొహం చూసి "ఏమిటే, ఇంత నల్లబడ్డావు?" అన్నారు! ఆస్తమానం ఎండలో బట్టలారేస్తే నల్లబడక ఏమవుతారు చెప్పండి. అయినా ఆ మాటకి నాకెంత సంతోషం వేసిందో.

ఇక అసలు సంగతి. నెల తిరక్కుండానే మా ఆడపడుచు కూతురి పెళ్ళి. అత్తయ్యకి నారాయణాద్రిలో టిక్కెట్టు ముందే చేయించి ఉంచాం, లింగంపల్లిలో ఎక్కితే తెనాలిలో దిగడమే. మనవరాలి మెడలో తాళి పడుతుంటే స్పష్టంగా చూడాలని ఆవిడ కోరిక. ఆపరేషన్ అయిన కంటికి కాస్త మసక ఇంకా ఉంది. ఆసుపత్రి వాళ్ళిచ్చిన కాగితం ఫ్రిజ్‌కి అంటించి ఉంది. అందులో ఏ చుక్కలమందు రోజుకి ఎన్నిసార్లో మా అబ్బాయి చదివి చెప్పాడు, నేను తు.చ. తప్పకుండా వేశాను. ఆ కాగితం అడుగున ఇంకో రెండు వాక్యాలున్నాయి. అవి వాడూ చదవలేదు, నేనూ చదవలేదు.

22వ రోజున అత్తయ్యని కళ్ళజోళ్ళ షాపుకి తీసుకెళ్ళాను. కౌంటరు దగ్గర కుర్రాడు బుద్ధిమంతుడే. "ఆపరేషన్ ఎప్పుడయిందాంటీ?" అని అడిగాడు. "నెల దాటింది" అన్నాను. ఎందుకలా అన్నానో నాకే తెలియదు. మూడు వారాలంటే ఇవ్వడేమోనని లోపల అనిపించింది కాబోలు. మిషనుతో చూసి, అద్దాలు మార్చి మార్చి చూపించి, సిలిండర్ రెండుంపావు ఉందన్నాడు. రెండ్రోజుల్లో కళ్ళజోడు చేతిలో పెట్టాడు. పెట్టుకోగానే అక్షరాలు బాగా కనిపించాయి. మేమూ సంతోషించాం, పెళ్ళికి వెళ్ళాం, ఆవిడ తాళి కట్టడం చూశారు, తలంబ్రాలూ చూశారు. అక్కడిదాకా అంతా బాగానే ఉంది.

తర్వాత ఒక నెల గడిచిందో లేదో ఊరినుంచి ఫోన్లు మొదలయ్యాయి. "అమ్మాయ్, జోడు పెట్టుకుంటే తల పగిలిపోతోందే." ఇంకో నాలుగు రోజులకి "అరుగు మెట్లు ఏటవాలుగా కనపడుతున్నాయే." ఆ పైన "దీపం వెలిగిస్తే ఒత్తికి తోకొచ్చినట్టుందే" అని. చివరికి ఒకరోజు తులసికోట దగ్గర మెట్టు అంచనా తప్పి పడ్డారు. దేవుడి దయవల్ల మోకాలు దోక్కుపోయిందంతే. ఇంకేముంది, ఊరంతా ఒకటే మాట. పెద్దావిడని హైదరాబాదు తీసుకెళ్ళి ఉన్న కన్ను కాస్తా పాడుచేసి పంపారు అని! అదే వీధిలో ఆపరేషన్‌కి సిద్ధపడిన ఇద్దరు ముసలమ్మలు "మాకొద్దు తల్లీ" అని మానుకున్నారు. అత్తయ్య ఎడమ కన్నుకి కూడా శుక్లం ఉంది. ఆ మాటెత్తితే ఆవిడ ఫోను పెట్టేయడమే.

నాకు నిద్రపట్టలేదంటే నమ్మండి. షాపులో చెప్పిన అబద్ధం గుర్తొస్తూనే ఉంది. పదో వారంలో మావారు వెళ్ళి ఎలాగో బతిమాలి తీసుకొచ్చారు. ఆసుపత్రిలో డాక్టరమ్మ అత్తయ్య కన్నంతా పరీక్షించి మొదట అడిగిన ప్రశ్న ఇదీ. "ఆరు వారాలకి రమ్మని కాగితంలో రాశాం కదండీ, రాలేదేం? కుట్టు తియ్యాలి, ఆ తర్వాతే జోడు అని కూడా రాశాం." ఫ్రిజ్ మీది కాగితంలో నేను చదవని రెండు వాక్యాలు అవే!

ఆవిడ ఓపిగ్గా చెప్పింది మీకు నా మాటల్లో చెప్తాను. ఇంటర్లో బైపీసీ చదివాను గానీ అప్పుడు బొమ్మ వేసి భాగాలు గుర్తించడమే, ఇప్పుడు అర్థమైనంత అప్పుడు కాలేదు.

శుక్లం అంటే కంటి లోపలి లెన్సు మసకబారడం. ఆపరేషన్లో దాన్ని తీసేసి ప్లాస్టిక్‌లాంటి కొత్త లెన్సు పెడతారు. అయితే లోపలికి వెళ్ళడానికి తలుపు కావాలి కదా? నల్లగుడ్డుకి ముందు గడియారం అద్దంలా ఒక పారదర్శకమైన పొర ఉంటుంది, అది కార్నియా. దాని అంచున చిన్న కోత పెడతారు. అంటే పాతలెన్సు పోయి కొత్తలెన్సు వచ్చిందన్న మాటతో పాటు, ముందున్న అద్దానికి ఒక గాయం కూడా అయిందన్నమాట.

ఇప్పుడు మీ వంటింట్లోంచి ఒక గుండ్రటి సాంబారు గరిటె, ఒక టిఫిన్ స్పూను తీసుకోండి. రెండింటి వెనక భాగం చూడండి. గరిటె వెనక అన్ని వైపులా ఒకే వంపు. స్పూను వెనక అడ్డంగా ఎక్కువ వంపు, పొడవునా తక్కువ వంపు. అందులో మన మొహం సాగిపోయి కనిపిస్తుంది. కార్నియా గరిటెలా ఉంటే వెలుగంతా ఒక్క చుక్క దగ్గర కలుస్తుంది. స్పూనులా ఉంటే కలవదు, గీతలా సాగుతుంది. దీపానికి తోక రావడం అదే. దీన్నే డాక్టర్లు ఆస్టిగ్మాటిజం అంటారు, కళ్ళజోళ్ళ షాపువాళ్ళు సిలిండర్ అంటారు. జోడు చీటీలో మూడు అంకెలుంటాయి చూడండి. మొదటిది మామూలు పవరు, రెండోది సిలిండర్, మూడోది ఆ సిలిండర్ ఏ కోణంలో ఉండాలో చెప్పే డిగ్రీలు. ఈ మూడో అంకెని మనం పట్టించుకోం గానీ, అది తప్పితే మెట్లు ఏటవాలుగా కనపడతాయి.

కొద్దో గొప్పో సిలిండర్ చాలామందికి పుట్టుకతోనే ఉంటుంది. కోత దాన్ని మార్చేస్తుంది. కోత పెట్టిన దిక్కున కార్నియా కాస్త చదునవుతుంది, దానికి అడ్డంగా ఉన్న దిక్కున వంపు పెరుగుతుంది. కుట్టు వేస్తే దీనికి తిరకాసు. జాకెట్టు కుట్టేటప్పుడు దారం బిగించి లాగితే బట్ట ముడుచుకుంటుంది చూడండి, అలాగే బిగిసిన కుట్టు ఉన్న దిక్కున వంపు ఎక్కువవుతుంది. అత్తయ్యకి శుక్లం గట్టిపడిపోవడంతో కోత పెద్దది చేయాల్సి వచ్చింది, అందుకని వెంట్రుకకంటే సన్నటి దారంతో ఒక కుట్టు వేశారు. పైగా మొదటివారాల్లో గాయం దగ్గర కాస్త వాపు. ఆ సమయంలో చూస్తే రెండుంపావు సిలిండర్ రాక ఏమవుతుంది? మేము ఆ రెండుంపావుకి శాశ్వతంగా అద్దం కోయించాం!

గాయం మానుతూ వచ్చింది, వాపు తీసింది. పదోవారంలో డాక్టరమ్మ కొలిస్తే ఒకటిన్నరకి దిగింది, కోణం 15 డిగ్రీలు పక్కకి జరిగింది. కన్ను మారుతూ వస్తోంది, జోడు మాత్రం మూడోవారం దగ్గరే ఆగిపోయింది. తలనొప్పి రాదూ మరి? మత్తు చుక్కలు వేసి, గడ్డం ఆనించే ఆ మిషను దగ్గరే కూర్చోబెట్టి నిమిషంలో కుట్టు తీసేసింది. "చీమ కుట్టినంత కూడా లేదే" అన్నారు అత్తయ్య. రెండువారాల తర్వాత చూస్తే ముప్పావు. ఇంకో రెండువారాలకీ ముప్పావే. "రెండుసార్లు ఒకే లెక్క వచ్చింది, ఇప్పుడు చేయించుకోండి జోడు" అంది డాక్టరమ్మ. ఈ ఒక్కమాట నేను గోడమీద రాసుకోవాల్సింది.

మా అమ్మమ్మ రోజులు గుర్తొచ్చాయి నాకు. అప్పట్లో కంటికి 10, 12 మిల్లీమీటర్ల కోత, అంటే మన బియ్యపుగింజకి రెట్టింపు. బోలెడు కుట్లు. లోపల లెన్సు పెట్టేవాళ్ళు కాదు, ఆకుపచ్చ పట్టీ విప్పాక సోడాబుడ్డి అద్దాలు. అమ్మమ్మ ఆ అద్దాలతో ముగ్గు వేస్తే చుక్కలన్నీ ఒకపక్కకి వాలి ఉండేవి, మేం నవ్వుకునేవాళ్ళం. పాపం, ఆ కుట్ల సిలిండర్ ఎంత ఉందో ఎవరు చూశారు! తర్వాత కుట్లు అక్కర్లేని ఆరేడు మిల్లీమీటర్ల కోత వచ్చింది, ఉచిత శిబిరాల్లో ఇప్పటికీ ఎక్కువగా చేసేది అదే, మంచి ఆపరేషనే. మిషనుతో శుక్లాన్ని ముక్కలు చేసి పీల్చేసే ఫాకో పద్ధతికి మూడు మిల్లీమీటర్ల లోపు చాలు, అంటే నువ్వుగింజంత. 1967లో అమెరికాలో డాక్టర్ చార్లెస్ కెల్మన్ దాన్ని మొదలుపెట్టారు, పళ్ళ డాక్టరు దగ్గర పళ్ళు శుభ్రంచేసే మిషను చూసి ఆ ఆలోచన వచ్చిందట! నువ్వుగింజంత కోతతో సిలిండర్ మారేది సాధారణంగా అర పాయింటు లోపే, అదీ త్వరగా కుదురుకుంటుంది. కాబట్టి మీ పక్కింటావిడకి మూడువారాలకే జోడు ఇచ్చారంటే ఆశ్చర్యపోకండి. ఆవిడ కోత వేరు, మీ అత్తగారి కోత వేరు.

కంట్లో లెన్సు పెట్టడం లండన్లో డాక్టర్ హెరాల్డ్ రిడ్లీ 1949లో మొదలుపెట్టారు. మొదటి పేషెంటు 45 ఏళ్ళ స్త్రీ. లెన్సయితే పెట్టగలిగారు గానీ ఆవిడకి పవరూ బోలెడు వచ్చింది, సిలిండరూ బోలెడు వచ్చింది. అంటే ఈ సిలిండర్ బాధ లోపలి లెన్సుకి కవలపిల్లలాగా ఆ రోజునుంచే ఉందన్నమాట. మా అత్తయ్యకి ఈ సంగతి చెబితే "ఆ దొరసాని ఏ పెళ్ళికి వెళ్ళాలని తొందరపడిందో" అన్నారు!

ఇప్పుడు సిలిండర్‌ని కూడా సరిచేసే లెన్సులొచ్చాయి, టోరిక్ అంటారు. కంట్లో సరైన కోణంలో పెట్టాలి. ఆపరేషన్‌కి ముందు కూర్చోబెట్టి కంటిమీద గుర్తులు పెడతారు, ఎందుకంటే పడుకుంటే కన్ను కాస్త తిరుగుతుందట. లోపల ఆ లెన్సు ఒక్క డిగ్రీ పక్కకి తిరిగినా నూటికి మూడువంతుల పైన ఫలితం తగ్గుతుంది, 30 డిగ్రీలు తిరిగితే పెట్టినా పెట్టనట్టే. ఖరీదు కూడా ఎక్కువే. మొదటినుంచీ సిలిండర్ ఎక్కువగా ఉన్నవాళ్ళకి అది నిజంగా వరం. ముప్పావు, ఒకటి ఉన్నవాళ్ళకి జోడుతో పోయేదానికి అప్పుచేసి మరీ పెట్టించుకోవాలా అన్నది మీరూ డాక్టరూ కూర్చుని మాట్లాడుకోవాల్సిన విషయం. "పెద్దలెన్సు పెట్టించాం" అని చెప్పుకోవడానికి మాత్రం వద్దు. మా కాలనీలో ఆ గొప్పలు కూడా విన్నాను లెండి.

కాబట్టి ఆపరేషన్‌కి ముందే అడగండి. ఇప్పుడు సిలిండర్ ఎంత ఉంది, ఏ రకం కోత పెడతారు, కుట్టు పడుతుందా, పడితే ఎప్పుడు తీస్తారు, జోడు ఎన్నాళ్ళకి అని. సిగ్గుపడకండి. కొత్త చీరకి అంచు రంగు పోతుందా అని నాలుగుసార్లు అడుగుతాం, కంటికి అడగలేమా? కాగితం ఇంగ్లీషులో ఉంటే అక్కడే చదివించుకోండి, చివరి వాక్యం దాకా. ఈ మధ్యకాలంలో పేపరు చదవడానికి ఇబ్బందైతే మామూలు రెడీమేడ్ చదువు అద్దాలు వాడుకోవచ్చేమో డాక్టర్ని అడగండి, అవి తక్కువ ఖరీదులోనే వస్తాయి. పాత జోడులో ఆపరేషన్ అయిన కంటివైపు అద్దం ఇక పనికిరాదు. కన్ను నలపనివ్వకండి, గాయం మీద ఒత్తిడి పడితే వంపూ మారుతుంది. రాత్రిళ్ళు ఆ ప్లాస్టిక్ కవచం పెట్టండి, మా అత్తయ్య తీసి దిండుకింద దాచేవారు. తాలింపు పొగ దగ్గరికి కొన్నాళ్ళు రానివ్వకండి.

ఇంకోమాట, ఇది మరిచిపోవద్దు. నెమ్మదిగా మారే మసక, దీపానికి తోక, మెట్లు వంకర, ఇవి సిలిండర్ కావచ్చు, కంగారుపడక్కర్లేదు, డాక్టరుకి చూపిస్తే చాలు. కానీ కన్ను ఎర్రబడి నొప్పి వచ్చినా, చూపు ఒక్కసారిగా తగ్గినా, మెరుపులు మెరిసినట్టున్నా, కంటిముందు తెర దించినట్టున్నా ఆరువారాలు అని కూర్చోకండి, ఆ పూటే పరుగెత్తండి. కొందరికి నెలలో, ఏళ్ళో గడిచాక చూపు మళ్ళీ మసకబారుతుంది. శుక్లం మళ్ళీ వచ్చిందంటారు ఊళ్ళో. అది శుక్లం కాదు, కొత్త లెన్సు వెనకున్న పొర మసకబారడం. లేజరుతో కూర్చోబెట్టే సరిచేస్తారు. వయసుతో పాటు కార్నియా వంపు కూడా మెల్లగా మారుతుంటుంది కనక, రెండేళ్ళకో మూడేళ్ళకో జోడు నంబరు మారితే ఆపరేషన్ చేసిన డాక్టర్ని తిట్టుకోవద్దు.

కొత్త జోడు పెట్టుకున్న రోజు సాయంత్రం అత్తయ్యని దుర్గంచెరువు తీగలవంతెన మీదుగా ఇంటికి తీసుకొచ్చాం. దీపాలన్నీ విడివిడిగా కనిపిస్తున్నాయన్నారు. ఇంటికొచ్చి మల్లెపూలు ముందేసుకుని మాల కట్టారు, ఒక్క పువ్వు కూడా వంకర లేదు. నేను షాపులో చెప్పిన అబద్ధం సంగతి అప్పుడు ఆవిడకి చెప్పేశాను. "నేనూ పక్కనే ఉన్నానుగా, విన్నాను. పెళ్ళికి జోడు కావాలని నాకూ ఉంది, అందుకే నోరు మూసుకున్నా" అన్నారు! ఇద్దరం దొంగలమే అన్నమాట.

దసరాల తర్వాత ఎడమ కన్నుకి కూడా ఆపరేషన్ అయింది. శుక్లం ముదరకముందే వెళ్ళాం కనక చిన్నకోతతో సరిపోయింది, కుట్టు పడలేదు. అయినా డాక్టరమ్మ చెప్పిన రోజుదాకా ఆగి, రెండుసార్లు లెక్క సరిపోయాకే జోడు చేయించాం. ఊళ్ళో మానుకున్న ఇద్దరు ముసలమ్మల్లో ఒకావిడ అత్తయ్య చూపు చూసి మనసు మార్చుకుంది. వచ్చేనెల మా ఇంట్లోనే దిగుతుంది, ఇక్కడే ఆపరేషన్. ఆవిడ కొడుకు ఫోన్ చేసి "అక్కయ్యా, తిరుగు టిక్కెట్టు ఏ తారీకుకి చేయించమంటారు?" అని అడిగాడు. ఇప్పుడే చేయించొద్దని చెప్పాను.